చెక్కిన నంబరు, చెప్పే నంబరు

విశాఖపట్నం రేవులోకి వచ్చే గూడ్సు బండిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ప్రతి వ్యాగను పక్కన తెల్లరంగుతో 11 అంకెల నంబరు ఒకటి రాసి ఉంటుంది. అందులో మొదటి రెండంకెలూ అది ఏ రకం వ్యాగనో చెబుతాయి. తరువాతి రెండూ అది ఏ రైల్వేకి చెందిందో చెబుతాయి. ఆ పైన ఉన్న రెండూ తయారైన సంవత్సరం. ఆ తరువాతి నాలుగూ దాని సొంత నంబరు. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకుని కొండలు దిగి వచ్చే వ్యాగను అయినా సరే, ఉక్కు కడ్డీలు ఎక్కించుకుని ఉత్తరాదికి వెళ్లే వ్యాగను అయినా సరే, ఈ నంబరు లేకుండా కదలదు.

రేవులో దింపే పెద్ద పెద్ద ఇనుప పెట్టెలు, అంటే కంటైనర్లు, చూడండి. వాటి మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఇక ఉక్కు కర్మాగారాల్లో ఒక విడతలో కరిగించి పోసిన ఉక్కుకు ఒక నంబరు ఇస్తారు. దాన్ని 'హీట్ నంబరు' అంటారు. పదేళ్ల తరువాత ఎక్కడో ఒక వంతెనలో ఒక కమ్మీ విరిగిందనుకోండి. ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళితే ఆ ఉక్కును ఏ రోజు పోశారో, అందులో కర్బనం ఎంత కలిసిందో తెలుసుకోవచ్చు.

ఇన్ని నంబర్లు ఎందుకు? ఒకేలా కనిపించే వేలాది వస్తువుల్లో ఒకదాన్ని వేరుచేసి పిలవటానికి. మీ తరగతిలో ముగ్గురు శ్రీనివాసులుంటే ఉపాధ్యాయుడు హాజరు నంబరుతో పిలవటం లేదూ? అట్లాగే.

ఇలాంటి నంబరే మీ ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌కీ, సెల్‌ఫోనుకీ కూడా ఉంది. అయితే ఒక వింత. ఆ నంబరును చిటికెలో మార్చుకోవచ్చు! వ్యాగను మీద నంబరు చెరిపి మరొకటి రాస్తే నేరం కదా, మరి కంప్యూటర్‌కి ఇది ఎట్లా చెల్లుతుంది? అసలు మార్చుకునే వీలు ఎందుకు పెట్టారు? ఎవరు మార్చుకోవచ్చు, ఎవరు మార్చకూడదు? వరసగా చూద్దాం.

ఓడకు రెండు గుర్తులు

ముందు ఓడల సంగతి. ఓడ పేరు మారుతుంది. యజమాని మారితే పేరు మార్చటం ఓడల వ్యాపారంలో మామూలే. ఎగరేసే జెండా కూడా మారవచ్చు. కాని ఒకటి మాత్రం ఓడ పుట్టినప్పటి నుంచి తుక్కుగా విరగ్గొట్టేదాకా మారదు. అదే ఐ.ఎం.ఓ. నంబరు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1987లో ఈ పద్ధతిని ఆమోదించింది. 1996 నుంచి పెద్ద ఓడలకు ఇది తప్పనిసరి అయింది. ఓడ దేహం మీద చెరగకుండా ఈ నంబరు వేయాలి.

ఈ నంబరులో ఏడు అంకెలుంటాయి. ఇందులో ఒక చక్కని గణితం దాగి ఉంది. ఉదాహరణకు 9074729 అనే నంబరు తీసుకోండి. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కలపండి. 63 + 0 + 35 + 16 + 21 + 4 = 139. ఈ మొత్తంలో చివరి అంకె 9. నంబరులో ఏడో అంకె కూడా 9! ఒక అంకెను ఎవరైనా తప్పుగా రాసుకుంటే చాలాసార్లు ఈ లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది. అందుకే చివరి అంకెను తనిఖీ అంకె అంటారు. వ్యాగను నంబరుకూ, కంటైనరు నంబరుకూ కూడా చివర ఇలాంటి తనిఖీ అంకె ఉంది.

అయితే ఒక్క విషయం గుర్తుంచుకోండి. తనిఖీ అంకె పొరపాటును పట్టుకుంటుంది. అబద్ధాన్ని పట్టుకోలేదు. లెక్క తెలిసిన మనిషి లెక్కకు సరిపోయే దొంగ నంబరు తయారుచేయగలడు.

ఇదే ఓడ తన నంబరును రేడియో ద్వారా కూడా చెబుతూ ఉంటుంది. "నేను ఫలానా ఓడను, ఫలానా చోట ఉన్నాను, ఇంత వేగంతో ఇటు పోతున్నాను" అని ఓడలోని ఒక పరికరం ఆగకుండా చుట్టుపక్కలకు తెలియజేస్తుంది. దాన్ని ఎ.ఐ.ఎస్. అంటారు. చీకట్లోనూ, పొగమంచులోనూ ఓడలు ఒకదానినొకటి గుద్దుకోకుండా ఇది కాపాడుతుంది. కాని ఆ పరికరంలో నంబరును నింపింది మనిషే. తప్పు నంబరు నింపితే అది తప్పు నంబరే చెబుతుంది.

అంటే ఓడకు రెండు గుర్తులున్నాయన్నమాట. ఒకటి ఇనుము మీద చెక్కిన నంబరు. రెండోది గాలిలో చెప్పే నంబరు. మామూలుగా రెండూ ఒకటే. కాని ఒకటే అయి తీరాలన్న నియమాన్ని మనుషులు పాటించాలేగాని ప్రకృతి పాటింపజేయదు.

1971లో విశాఖ తీరంలో

చెప్పే గుర్తు ఎంత బలమైనదో విశాఖపట్నానికి అనుభవపూర్వకంగా తెలుసు. 1971లో భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి. మన విమాన వాహక నౌక విక్రాంత్ తూర్పు సముద్రంలో ఉంది. దాన్ని ముంచటానికి 'ఘాజీ' అనే జలాంతర్గామి నవంబరులో కరాచీ నుంచి బయలుదేరింది.

అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక ఉపాయం పన్నారు. విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ వైపు పంపేశారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను విశాఖ తీరానికి దూరంగా నిలిపి, విక్రాంత్ లాంటి పెద్ద నౌకకు తగినంత హోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించమన్నారు. వినేవాళ్లకు నౌక కనపడదు కదా, వినపడేది దాని సంకేతాలే. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మాడు. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ రేవుకు సమీపంలో మునిగిపోయింది. రాజ్‌పుత్ జారవిడిచిన బాంబుల వల్లనే అని మన నౌకాదళం చెప్పింది. ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడు వల్ల అని పాకిస్తాన్ చెప్పింది. కారణం ఏదైనా, అందులో ఉన్న తొంభైమందికి పైగా నావికులు ఒక్కరూ బతకలేదు. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న విజయ స్మారకం ఆ యుద్ధాన్ని తలచుకుంటూ కట్టినదే.

ఇందులో మనం గ్రహించవలసిన నీతి ఇది: సంకేతం చెప్పిన పేరునే నమ్మితే ఒక నౌక మరో నౌకలా నటించగలదు. ఇప్పుడు ఇదే ఆలోచనతో లాప్‌టాప్ దగ్గరకు వద్దాం.

కార్డులో కూర్చున్న నంబరు

కంప్యూటర్లను తీగతో గాని, వై-ఫైతో గాని కలపటానికి లోపల ఒక చిన్న పరికరం ఉంటుంది. దాన్ని నెట్‌వర్క్ కార్డు అంటారు. ప్రతి కార్డుకూ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు ఇస్తారు. దాని పేరు మ్యాక్ అడ్రసు. మనం దాన్ని యంత్ర చిరునామా అందాం.

ఈ ఆలోచన ఎక్కడిది? 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇద్దరు ఈథర్‌నెట్ అనే పద్ధతిని రూపొందించటం మొదలుపెట్టారు. ఒకే తీగకు అనేక కంప్యూటర్లను తగిలిస్తారు. ఎవరు మాట్లాడినా అందరికీ వినపడుతుంది. అందుకని ప్రతి సందేశం ముందు "ఇది ఫలానావారికి, ఫలానావారి నుంచి" అని రాయాలి. మొదట్లో ఈ చిరునామాకు 8 బిట్లు కేటాయించారు. బిట్ అంటే 0 గాని 1 గాని అయ్యే ఒక స్థానం. 8 బిట్లతో 256 నంబర్లే వస్తాయి. ఒక పరిశోధనశాలకు అవి చాలు. ప్రపంచానికి చాలవు. అందువల్ల 1980లో వెలువడిన ప్రమాణంలో చిరునామాను 48 బిట్లకు పెంచారు. ప్రపంచంలో ఏ రెండు కార్డులకూ ఒకే నంబరు రాకూడదన్న ఈ 48 బిట్ల పద్ధతిని వివరిస్తూ 1981లో వ్యాసం రాసిన ఇద్దరిలో ఒకరు బొంబాయి ఐ.ఐ.టి.లో చదువుకున్న యోగెన్ దలాల్.

48 బిట్లతో ఎన్ని నంబర్లు? దాదాపు 281 లక్షల కోట్లు! ఇంత పెద్ద నంబరును 0, 1లతో రాస్తే చదవటం కష్టం. కాబట్టి నాలుగేసి బిట్లను ఒక గుర్తుగా రాస్తారు. 0 నుంచి 9 దాకా మామూలు అంకెలు, 10 నుంచి 15 దాకా ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలు. అలా 12 గుర్తులు వస్తాయి. వాటిని రెండేసి చొప్పున ఆరు జతలుగా రాస్తారు. ఇలా: 02:1ఎ:4బి:7సి:90:3ఇ.

మామూలు కార్డులో మొదటి మూడు జతలు తయారీ సంస్థ గుర్తు. ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ వీటిని కంపెనీలకు కేటాయిస్తుంది. వ్యాగను నంబరులో రైల్వే గుర్తులాంటిదే ఇది. చివరి మూడు జతలను కంపెనీ తన కార్డులకు వరసగా వేసుకుంటుంది. ఒక్కో గుర్తు కింద 1,67,77,216 కార్డులకు నంబర్లు వేయవచ్చు.

మరి తనిఖీ అంకె ఏది? లేదు! ఈ నంబరును గుమాస్తా చేత్తో రాసుకోడు కదా. యంత్రం పంపే ప్రతి సందేశం చివరా మొత్తం సందేశానికి వేరుగా ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. దారిలో ఏ బిట్ చెడినా అది పట్టేస్తుంది.

మార్చటం ఎట్లా సాధ్యం?

అసలు కీలకం ఇక్కడ ఉంది. ఫ్యాక్టరీ నంబరు కార్డులోని శాశ్వత జ్ఞాపకశక్తిలో ఉంటుంది. ఇది ఓడ మీద చెక్కిన నంబరు వంటిది. కంప్యూటర్ మేలుకోగానే ఆ నంబరును చదివి, తాత్కాలిక జ్ఞాపకశక్తిలో ఒక నకలు పెట్టుకుంటుంది. ఆ తరువాత బయటికి వెళ్లే ప్రతి సందేశం మీదా వేసేది ఆ నకలునే. ఇది చెప్పే నంబరు. మనం మార్చేది ఆ నకలును మాత్రమే. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వెలిగిస్తే మామూలుగా పాత నంబరే తిరిగి వస్తుంది.

లినక్స్ అనే నిర్వాహక వ్యవస్థలో ఇది ఎంతో స్పష్టంగా కనపడుతుంది. 1991లో ఫిన్లండ్ దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన వ్యవస్థ ఇది. ఎవరైనా లోపల తెరిచి చూడవచ్చు. కింది ఆజ్ఞలను టెర్మినల్ అనే కిటికీలో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. సొంత లాప్‌టాప్ మీద, పెద్దవాళ్ల అనుమతితో మాత్రమే సుమా!

మొదటిది: 'ఐపి లింక్' అని కొట్టండి. కంప్యూటర్‌లోని కార్డుల పేర్లు, వాటి చిరునామాలు తెరమీద కనపడతాయి. ఉన్న చిరునామాను పుస్తకంలో రాసుకోండి.

రెండోది: 'సుడో ఐపి లింక్ సెట్ డెవ్', ఆ పక్కన కార్డు పేరు, చివర 'డౌన్'. ఇది కార్డును కాసేపు నిద్రపుచ్చుతుంది. 'సుడో' అంటే యజమాని హోదాలో అడుగుతున్నామని అర్థం. అందుకే సంకేతపదం అడుగుతుంది.

మూడోది: అదే ఆజ్ఞలో 'డౌన్' బదులు 'అడ్రస్' అని, దాని పక్కన కొత్త చిరునామా.

నాలుగోది: మళ్లీ అదే ఆజ్ఞ, చివర 'అప్'. కార్డు కొత్త పేరుతో లేస్తుంది. బయటికి పంపే సందేశాల మీద కొత్త నంబరు వేయటమే కాదు, లోపలికి వచ్చేవాటిలో కొత్త నంబరుకు వచ్చినవాటినే ఇప్పుడు అది తనవిగా తీసుకుంటుంది.

ఇప్పుడు 'ఈథ్‌టూల్' అనే సాధనానికి పెద్ద అక్షరం 'పి'తో ఆజ్ఞ ఇచ్చి చూడండి. ఫ్యాక్టరీ నంబరు చెక్కుచెదరకుండా కనపడుతుంది. చెక్కిన నంబరు అక్కడే ఉంది, చెప్పే నంబరే మారింది! కొన్ని కార్డులు మార్పుకు ఒప్పుకోవు. వై-ఫై విషయంలో నెట్‌వర్క్ సెట్టింగుల్లోనే ఇందుకు విడిగా ఒక గడి ఉంటుంది.

ఏ నంబరు పడితే అది ఇవ్వవచ్చునా? ఇవ్వకూడదు. మొదటి జతను ఎనిమిది బిట్లుగా విడదీయండి. 02 అంటే 00000010. చిట్టచివరి బిట్ 0 అయితే అది ఒక్క యంత్రం చిరునామా. 1 అయితే గుంపు చిరునామా. గుంపు పేరు ఒక్కడు పెట్టుకుంటానంటే లినక్స్ ఒప్పుకోదు. చివరినుంచి రెండో బిట్ 0 అయితే అది ఫ్యాక్టరీ ఇచ్చిన నంబరు. 1 అయితే "ఇది నేను ఇక్కడ సొంతంగా పెట్టుకున్నది" అని నిజాయితీగా చెప్పినట్లు. అంటే మొదటి జతలో రెండో గుర్తు 2, 6, ఎ, ఇ లలో ఏదో ఒకటి కావాలి. చూశారా, సొంత పేరు పెట్టుకునేవారికోసం ప్రమాణం రాసినవాళ్లే చోటు ఉంచారు!

ఎందుకు ఉంచారు?

ఉపయోగం ఉంది కనుకనే. 1980లలో డెక్‌నెట్ అనే పద్ధతిలో కంప్యూటర్లు తమ కార్డు చిరునామాను తామే మార్చుకునేవి. ఈ రోజుల్లో ఒకే పెద్ద కంప్యూటర్ లోపల అనేక ఊహా కంప్యూటర్లు నడుపుతారు. వాటికి ఫ్యాక్టరీ ఎక్కడిది? సాఫ్ట్‌వేరే వాటికి చిరునామా పుట్టిస్తుంది. ముఖ్యమైన చోట్ల రెండు రౌటర్లను పెట్టి, ఒకే చిరునామాను ఇద్దరికీ ఉమ్మడిగా ఉంచుతారు. ఒకటి చెడిపోతే రెండోది ఆ చిరునామాను అందుకుని పని సాగిస్తుంది. మిగిలిన యంత్రాలకు మార్పు జరిగినట్లే తెలియదు.

అన్నిటికన్నా పెద్ద కారణం మనల్ని గురించినది. మీ ఇంట్లో ఫోను వై-ఫై కోసం వెతుకుతూ ఉండండండంటూ కేకలు వేస్తుందనుకోండి. ప్రతి కేకలోనూ ఒకే నంబరు ఉంటే, దారిలో వినే యంత్రాలు పెట్టినవాడికి మీరు ఏ దుకాణం ముందు ఎంతసేపు నిలబడ్డారో, రోజూ ఏ వేళకు ట్యూషనుకు వెళతారో తెలిసిపోతుంది. ఇది ఊహ కాదు. 2013లో లండన్ నగరంలో చెత్తబుట్టలకు ఇలాంటి యంత్రాలు అమర్చి, దారినపోయేవారి ఫోన్లను లెక్కపెట్టారు. సంగతి బయటపడగానే నగరపాలకులు దాన్ని ఆపించారు. ఆ తరువాత ఫోన్లు తయారుచేసేవారే దారి మార్చారు. 2014లో ఐఫోన్లు వెతికేటప్పుడు దొంగ నంబరు కాదు, తాత్కాలిక నంబరు వాడటం మొదలుపెట్టాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10లో ఒక్కో వై-ఫైకి ఒక్కో నంబరు చెప్పటం మామూలైంది. అంటే మీ ఇంట్లోని ఫోను మీకు చెప్పకుండానే ఈ మార్పు చేస్తూ ఉండవచ్చునన్నమాట!

ఎక్కడ ఆగాలి?

కొందరు దీన్ని మంత్రమనుకుంటారు. నంబరు మారిస్తే ఇంటర్నెట్టులో తమను ఎవరూ గుర్తుపట్టలేరని భ్రమపడతారు. అది నిజం కాదు. టపా సంచీ మీద కట్టే చీటీ ప్రతి మజిలీలోనూ మారుతుంది, సంచీలోని ఉత్తరం మీద చిరునామా మారదు. యంత్ర చిరునామా ఆ చీటీ వంటిది. అది మీ ఇంటి రౌటరు దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుంచి సందేశం మరో చీటీతో ప్రయాణం చేస్తుంది. మీరు ఏ ఖాతాతో ప్రవేశించారో, ఏ ఇంటి కనెక్షన్ వాడారో ఆ వివరాలు మారవు.

మరికొందరు ఈ నంబరును తాళంగా వాడతారు. "ఈ పది నంబర్లనే మా వై-ఫైలోకి రానివ్వు" అని జాబితా రాస్తారు. అది బలహీనమైన తాళం. సందేశం లోపలి విషయాన్ని రహస్యలిపిలో దాచినా, పైన ఉండే యంత్ర చిరునామా బాహాటంగానే పోతుంది. విన్నవాడు దాన్నే తన చిరునామాగా చెప్పుకోగలడు. రాజ్‌పుత్ విక్రాంత్‌లా మాట్లాడలేదూ? కనుక పేరు చెప్పినంతమాత్రాన తలుపు తీయకూడదు. గట్టి సంకేతపదమే తాళం.

అలా ఇంకొకరి నంబరు పెట్టుకుంటే ఏమవుతుంది? ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే తలుపు నంబరు వేసినట్లవుతుంది. టపా ఒకసారి ఇటూ, ఒకసారి అటూ పోతుంది. ఇద్దరి పనీ చెడుతుంది. అంతకన్నా ముఖ్యం, అనుమతి లేని చోటికి మరొకరి పేరుతో చొరబడటం సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం నేరం. సెల్‌ఫోనుకు ఉండే ఐ.ఎం.ఇ.ఐ. నంబరు సంగతి మరీ వేరు. దొంగిలించిన ఫోనును పట్టుకోవటానికి అదే ఆధారం. దాన్ని తారుమారు చేస్తే టెలికమ్యూనికేషన్ల చట్టం, 2023 ప్రకారం మూడేళ్లదాకా జైలు, 50 లక్షల రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

తేడా ఏమిటో గమనించారా? వీధిలో అపరిచితులకు అసలు పేరు చెప్పకపోవటం మన హక్కు. ఇంకొకరి పేరు చెప్పుకుని వాళ్ల ఇంట్లో దూరటం నేరం. రెండింటికీ వాడే ఆజ్ఞ ఒకటే. యంత్రానికి ఆ తేడా తెలియదు. తెలియవలసింది మనకు.

మీరు చేసి చూడండి

1. ఓడ నంబరు 9074729ను ఒక గుమాస్తా 9074792 అని రాసుకున్నాడు. తప్పు ఎట్లా బయటపడుతుంది?

2. మొదటి జత 00, 02, 52, 3సి, డిఎ ఉన్న అయిదు యంత్ర చిరునామాల్లో సొంతంగా పెట్టుకున్నవి ఏవి?

జవాబులు: 1. గుణించి కలిపితే 153 వస్తుంది. చివరి అంకె 3 కావాలి, ఉన్నది 2. 2. 02, 52, డిఎ. వీటిలో రెండో గుర్తును నాలుగు బిట్లుగా రాసి చూస్తే కారణం మీకే తెలుస్తుంది.